బ్యాకప్ మధ్యలో ఆగిపోతోందా? డిస్క్ ఎర్రర్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ముగిసింది. అప్పటినుంచి పాత కంప్యూటర్ మార్చేద్దామనుకుని, ఏళ్ల తర్వాత మొదటిసారి పూర్తి బ్యాకప్ తీయడానికి కూర్చుంటున్నవాళ్లు చాలామంది ఉన్నారు. కూర్చున్న గంటకే ఫోన్ చేస్తారు: "సగంలో ఆగిపోయిందండీ, ఏదో ఎర్రర్ చూపిస్తోంది". డీటీపీ సెంటర్లు, ఫొటో స్టూడియోలు, చిన్న షాపుల కంప్యూటర్లు చూసే పని నాది. ఆ ఫోన్లలో మళ్లీ మళ్లీ వినిపించే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను. ఎక్కువగా విండోస్ గురించే ఉంటుంది, మాక్ వాళ్లకు కొంచెం. కమాండ్లు కూడా ఫోన్లో చెప్పినట్టే అక్షరం అక్షరం చెబుతాను.

రోజూ కంప్యూటర్ బాగానే పనిచేస్తోంది. బ్యాకప్ పెడితేనే ఎర్రర్ వస్తోంది. ఎందుకు?

అటక మీద సామాను దించినప్పుడే కదా చెదలు కనబడేది. ఇదీ అంతే. మనం రోజూ ముట్టుకునేది డిస్క్‌లో చాలా చిన్న భాగం: విండోస్, బ్రౌజర్, ఈ నెల ఫైళ్లు. 2014లో తీసిన పెళ్లి ఫొటోల ఫోల్డర్‌ని ఎప్పుడో కాపీ చేశాక మళ్లీ తెరిచి ఉండరు. బ్యాకప్ ప్రోగ్రాం మాత్రం ప్రతి ఫైలునీ మొదటి నుంచి చివరి దాకా చదవాల్సిందే. చదవలేని చోటు ఒక్కటి తగిలినా చాలా ప్రోగ్రాంలు అక్కడే చేతులెత్తేస్తాయి. అంటే బ్యాకప్ వల్ల డిస్క్ పాడవలేదు, ఎప్పుడో పాడైన సంగతి బ్యాకప్ ఇప్పుడు బయటపెట్టింది.

అయితే వెంటనే చెక్‌డిస్క్ (డిస్క్ తప్పులు వెతికి దిద్దే విండోస్ ప్రోగ్రాం) కొట్టేయమంటారా?

వద్దు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

డిస్క్ ఎర్రర్లు రెండు రకాలు. ఒకటి లెక్కల తప్పు. ఏ ఫైలు డిస్క్‌లో ఎక్కడుందో రాసుకున్న పట్టికలో తేడా వస్తుంది. కరెంటు పోయినప్పుడు, పెన్‌డ్రైవ్ లాగేసినప్పుడు, కంప్యూటర్ హ్యాంగై బటన్ నొక్కి ఆపినప్పుడు ఇలా జరుగుతుంది. రెండోది డిస్క్ ఉపరితలమే పాడవడం, అవే బ్యాడ్ సెక్టార్లు. అడంగల్‌లో సర్వే నంబరు తప్పు పడటం వేరు, పొలాన్ని ఏరు కోసుకుపోవడం వేరు. చెక్‌డిస్క్ అసలు పని అడంగల్ దిద్దడం. పొలం కోతకు గురవుతున్నప్పుడు ఆఫీసులో కూర్చుని రికార్డులు దిద్దితే, పోయిన పొలాన్ని కొట్టేసి "లెక్క సరిపోయింది" అంటుంది. తన వరకు అది నిజమే. మీ ఫైలు మాత్రం పోయింది.

పైగా చెక్‌డిస్క్ కమాండ్ చివర స్లాష్ ఆర్ తగిలిస్తే డిస్క్ మొత్తాన్ని గంటల తరబడి చదివిస్తుంది, దిద్దినవన్నీ అదే డిస్క్ మీద రాస్తుంది. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌కి అది తట్టుకోలేని శ్రమ. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక డీటీపీ సెంటర్ కంప్యూటర్ మీద నేను ఇదే తప్పు చేశాను. బ్యాకప్ రావడం లేదంటే రాత్రి చెక్‌డిస్క్ పెట్టి ఇంటికెళ్లిపోయాను. పొద్దున వచ్చేసరికి డిస్క్ బయాస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే సెటప్‌లో) కూడా కనబడలేదు. అందులో పదేళ్ల పేజ్‌మేకర్ ఫైళ్లు, అనూ ఫాంట్లలో కొట్టిన శుభలేఖలు, పుస్తకాలు ఉన్నాయి. ఆ ముందు రోజు సాయంత్రం వాటిలో చాలావరకు తెరుచుకుంటూనే ఉన్నాయి. ఓనరుగారు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

కాబట్టి వరస ఇది: ముందు డిస్క్ ఆరోగ్యం చూడాలి, తర్వాత చదవగలిగినదంతా ఇంకో డిస్క్‌కి తీసేయాలి, ఆఖరున రిపేరు. అందరూ దీన్ని తలకిందులుగా చేస్తారు.

పాడైంది కంప్యూటర్‌లోని డిస్కా, బ్యాకప్ పెట్టుకునే బయటి డిస్కా? ఎలా తెలుస్తుంది?

మంచి ప్రశ్న, చాలామంది అడగనిది. ఎర్రర్ వచ్చింది కదా అని లోపలి డిస్క్ మార్చేసి, తర్వాత అసలు దోషి బయటి డిస్కే అని తెలుసుకున్నవాళ్లున్నారు.

తేలిక పద్ధతి: ఇంకో బయటి డిస్క్ అరువు తెచ్చి అందులోకి బ్యాకప్ పెట్టండి. మళ్లీ దాదాపు అదే చోట, అదే ఫైలు దగ్గర ఆగితే లోపలి డిస్క్‌దే తప్పు. హాయిగా పూర్తయితే బయటిదే.

ఇంకో దారి విండోస్ రాసుకునే డైరీ. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి ఈవెంట్ వ్యూయర్ తెరవండి. విండోస్ లాగ్స్‌లో సిస్టమ్‌కి వెళ్లి, బ్యాకప్ ఆగిన టైముకి ఎర్రగా, పసుప్పచ్చగా ఏమున్నాయో చూడండి. సోర్స్ దగ్గర డిస్క్ అని, ఈవెంట్ నంబరు 7 అని ఉంటే బ్యాడ్ బ్లాక్ తగిలిందని అర్థం. 153 ఉంటే చదవడం ఒకసారి కుదరక మళ్లీ ప్రయత్నించిందని. 11 అయితే కంట్రోలర్‌దో, కేబుల్‌దో గొడవ కావచ్చు. సోర్స్ ఎన్‌టీఎఫ్ఎస్, నంబరు 55 అయితే నేను పైన చెప్పిన లెక్కల తప్పు. సోర్స్ డిస్క్ అయితే ఆ వాక్యంలోనే డిస్క్ నంబరు (హార్డ్‌డిస్క్ 0, హార్డ్‌డిస్క్ 1 లాగా) ఉంటుంది. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే ఏ డిస్క్ ఏ నంబరో అక్కడ రాసి ఉంటుంది.

బయటిది పెన్‌డ్రైవ్ అయితే ఇంకో అనుమానం కూడా పెట్టుకోండి. చవగ్గా వచ్చిన 1 టీబీ, 2 టీబీ పెన్‌డ్రైవ్‌ల్లో చాలా వాటికి లోపల అంత జాగా ఉండదు, ఉన్నట్టు అబద్ధం చెబుతాయి. అసలు జాగా నిండే దాకా బాగానే కాపీ అవుతుంది, ఆ తర్వాత వెళ్లినవి మట్టిలో పోసిన నీళ్లే. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం డ్రైవ్ నిండా రాసి, తిరిగి చదివి నిజం చెప్పేస్తుంది. ఖాళీ డ్రైవ్ మీదే నడపండి.

ఎర్రర్ నంబర్లు ఏవేవో వస్తున్నాయి. వాటికి అర్థం ఉంటుందా?

ఉంటుంది. ఫొటో తీసి పెట్టుకోండి, "ఏదో నంబరు వచ్చింది" అంటే ఎవరూ ఏం చేయలేరు.

0ఎక్స్80070017 అంటే డిస్క్ చదివింది కానీ చదివినదాన్ని సరిచూసుకుంటే లెక్క కుదరలేదని. దాని పక్కన సైక్లిక్ రిడండెన్సీ చెక్ అనే మాట కనబడుతుంది. కొన్ని ప్రోగ్రాంలు దీన్నే ఎర్రర్ 23 అంటాయి. రెండూ ఒకటే, హెక్సాడెసిమల్ లెక్కలో (పదుల బదులు పదహారుల్లో లెక్క) 17 అంటే మన 23. బ్యాడ్ సెక్టార్‌ని మొదట అనుమానించాల్సిన నంబరు ఇది.

0ఎక్స్8007045డి అంటే డిస్క్‌తో మాటే కలవలేదు. డిస్క్ కావచ్చు, కేబుల్ కావచ్చు, యూఎస్‌బీ పోర్ట్ కావచ్చు. ముందు కేబుల్ మార్చి చూడండి.

0ఎక్స్80070570 అంటే ఫైలో ఫోల్డరో చెడిపోయి చదవడానికి రావడం లేదని, 0ఎక్స్80070571 అంటే డిస్క్ పట్టికే చెదిరిందని. డిస్క్ ఆరోగ్యం బాగుంటే ఈ రెండూ చెక్‌డిస్క్‌తో తరచుగా సర్దుకుంటాయి.

0ఎక్స్80780119 చూసి కంగారు పడకండి, అది డిస్క్ జబ్బు కాదు. దాని సంగతి కింద వేరే చెబుతాను.

డిస్క్ ఆరోగ్యం చూడటం ఎలా?

ప్రతి డిస్క్‌లో స్మార్ట్ అనే రికార్డు ఉంటుంది. తన జబ్బుల లెక్క డిస్క్ తానే రాసుకుంటుంది. చూడటానికి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం చాలు. నీలం రంగు గుడ్ అంటే ప్రస్తుతానికి ఫర్వాలేదు, పసుపు కాషన్, ఎరుపు బ్యాడ్.

రంగు చూసి వదిలేయకండి. హార్డ్‌డిస్క్ అయితే కింద పట్టికలో నాలుగు వరసలు చూడాలి. 05 అంటే పాడైపోతే పక్కనపెట్టి వేరే చోటికి మార్చిన సెక్టార్లు. ప్రతి డిస్క్‌లోనూ ఇందుకోసం కొన్ని స్పేర్ సెక్టార్లు ఉంటాయి. సీ5 అంటే చదవలేకపోతున్నవి, ఇంకా ఏ సంగతీ తేలనివి. సీ6 అంటే డిస్క్ తనంతట తాను చూసుకున్నప్పుడు కూడా చదవలేకపోయినవి. సీ7 మాత్రం డిస్క్‌కీ కంప్యూటర్‌కీ మధ్య దారిలో వచ్చిన తప్పుల లెక్క. రా వాల్యూస్ అన్న గడిలో అన్నీ సున్నాలుంటే మంచిది. ఆ గడిలో అంకెలు మామూలుగా హెక్సాడెసిమల్‌లో కనబడతాయి, అందుకే 10 అని ఉంటే అది 16.

బ్యాకప్ ఆగిపోయే కంప్యూటర్లలో నాకు ఎక్కువగా కనబడేది సీ5. ఆ సంఖ్య చిన్నదై, వారం తర్వాత చూసినా అంతే ఉంటే కొంచెం ఊపిరి పీల్చుకోవచ్చు. పొద్దున 8 ఉన్నది సాయంత్రానికి 40 అయితే ఆ డిస్క్‌కి రోజులు దగ్గర పడ్డట్టే, వేరే పని పెట్టుకోకుండా ఫైళ్లు తీయడం మొదలుపెట్టండి.

స్మార్ట్ రికార్డు శుభ్రంగా ఉన్న డిస్క్ కూడా హఠాత్తుగా పోవచ్చు. చెడు చెబితే నమ్మండి, మంచి చెబితే సగమే నమ్మండి. బయటి డిస్క్‌ల కేసుల్లో కొన్ని ఈ రికార్డు చూపించనే చూపించవు.

కేబుల్ వల్ల కూడా ఇలాంటి ఎర్రర్లు వస్తాయా?

వస్తాయి, అనుకున్నదానికంటే ఎక్కువగా. సీ7 వరసలో సంఖ్య పెరుగుతూ, 05, సీ5 సున్నాలుగా ఉంటే డిస్క్‌ని అనుమానించే ముందు సాటా కేబుల్ (డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపేది) మార్చండి. కేబుల్ మార్చాక ఆ సంఖ్య వెనక్కి తగ్గదు, పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాలి.

బయటి డిస్క్ అయితే డెస్క్‌టాప్ ముందువైపు పోర్టుల్లో కాకుండా వెనక, మదర్‌బోర్డుకే ఉండే పోర్టులో పెట్టండి. యూఎస్‌బీ హబ్ వద్దు. చిన్న బయటి డిస్క్‌లు కరెంటు కూడా ఆ కేబుల్‌లోంచే తీసుకుంటాయి, పవర్ చాలకపోతే మధ్యలో మాయమై మళ్లీ వస్తాయి. హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లకు సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) సాటా కేబుల్, డిస్క్ కేస్ లాంటివి దొరుకుతాయి. ఊళ్లలో అయితే పాడైన కంప్యూటర్‌లోంచి తీసిన కేబుల్ తగిలించి చూసినా పరీక్షకు చాలు.

డిస్క్ ఆరోగ్యం బాగాలేదని తేలింది. ఫైళ్లు ఎలా తీయాలి?

కొత్త డిస్క్ ఒకటి దగ్గర పెట్టుకోండి. ఆ కంప్యూటర్‌లో మిగతా పనులన్నీ ఆపేయండి. యూట్యూబ్ కూడా వద్దు.

మళ్లీ ఎక్కడా దొరకనివి ముందు. ఫొటోలు, స్కాన్ చేసిన దస్తావేజులు, ట్యాలీ డేటా ఫోల్డర్, పిల్లల ప్రాజెక్టులు, మీ సొంత డిజైన్ ఫైళ్లు. సినిమాలు, సాఫ్ట్‌వేర్లు ఆఖరున, వీలైతేనే. మొత్తం సీ డ్రైవ్ ఇమేజ్ (విండోస్‌తో సహా డ్రైవ్‌ని ఉన్నదున్నట్టు తీసే బ్యాకప్) తీద్దామన్న ఆశ ఈ దశలో వదులుకోవాలి. ఆశ పెద్దదైతే డిస్క్ మధ్యలో పోతుంది.

మామూలు కాపీ, పేస్ట్ ఒక చెడ్డ ఫైలు తగిలితే నిలబడి మీ జవాబు కోసం రాత్రంతా ఎదురుచూస్తుంది. రోబోకాపీ నయం. ఇది విండోస్‌లోనే ఉంటుంది. కానీ దీనికో మొండితనం ఉంది: చదవలేని ఫైలు తగిలితే, మనం ఏమీ చెప్పకపోతే, 30 సెకన్లకోసారి చొప్పున పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది! దాదాపు ఏడాది పడుతుంది. అందుకే ఒక్కసారే ప్రయత్నించమని చెప్పాలి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇలా కొట్టండి: రోబోకాపీ, స్పేస్, పాత ఫోల్డర్ దారి, స్పేస్, కొత్త ఫోల్డర్ దారి, స్పేస్, స్లాష్ ఈ, స్పేస్, స్లాష్ ఆర్ కోలన్ 1, స్పేస్, స్లాష్ డబ్ల్యూ కోలన్ 1. ఫోల్డర్ పేర్లలో ఖాళీలుంటే ఆ దారికి అటూ ఇటూ డబుల్ కోట్స్ పెట్టాలి. చదవలేనివి వదిలేసి ముందుకెళ్తుంది, ఆఖరున ఎన్ని పోయాయో లెక్క చెబుతుంది.

సీ5 వందల్లో ఉంటే, లేదా విండోసే మొదలవకపోతే, లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి గ్నూ డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం వాడటం సరైన దారి. దాని తెలివి నాకు చాలా ఇష్టం. మొదటి విడతలో బాగున్న చోట్లన్నీ గబగబా తీసేసుకుంటుంది, చెడ్డ చోటు తగిలితే గెంతి ముందుకెళ్తుంది. ఆ తర్వాతే వదిలేసినవాటి దగ్గరికి వచ్చి ఓపికగా కొంచెం కొంచెం గీకుతుంది. ఏం తీసిందో, ఏం మిగిలిందో మ్యాప్‌ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి కరెంటు పోయినా మళ్లీ మొదటికి రాదు. ఆ మ్యాప్‌ఫైల్‌ని చెడిపోతున్న డిస్క్ మీద కాకుండా వేరే చోట పెట్టాలి. కొత్త డిస్క్ పాతదాని సైజుకి సమానంగానో పెద్దగానో ఉండాలి. ఏది పాతది, ఏది కొత్తది అన్నది మాత్రం మూడుసార్లు చూసుకోండి. తారుమారైతే ఖాళీ డిస్క్‌ని మీ ఫైళ్ల మీద కాపీ చేసినట్టవుతుంది. అలవాటు లేనివాళ్లు తెలిసినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి, ఇందులో నామోషీ లేదు.

ఇంకొక సంగతి. ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్ (డిస్క్ మొత్తానికి విండోస్ వేసే తాళం) ఆన్ అయి ఉందేమో ముందే చూసుకోండి, మీకు తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. దాని 48 అంకెల రికవరీ కీ లేకపోతే డిస్క్ ఎంత బాగా కాపీ అయినా లోపలికి వెళ్లలేరు. సాధారణంగా అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉంటుంది. రాసి పెట్టుకున్నాకే మిగతా పని.

అన్నీ తీసేశాను. ఇప్పుడు చెక్‌డిస్క్ ఎలా నడపాలి?

భయపడేవాళ్లకు మౌస్ దారి: దిస్ పీసీ తెరిచి, డ్రైవ్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, టూల్స్, చెక్. చిన్న చిన్న తప్పులకు ఇది చాలు.

కమాండ్ దారి: స్టార్ట్‌లో సీఎండీ అని వెతికి, రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్. తర్వాత సీ, హెచ్, కే, డీ, ఎస్, కే అక్షరాలు కలిపి కొట్టి, స్పేస్, డ్రైవ్ అక్షరం, దాని పక్కనే కోలన్, స్పేస్, స్లాష్ ఎఫ్. ఇది పట్టిక మాత్రమే దిద్దుతుంది, చాలాసార్లు నిమిషాల్లో అయిపోతుంది. స్లాష్ ఎఫ్ బదులు స్లాష్ ఆర్ కొడితే పట్టిక దిద్దడంతో పాటు డిస్క్ మొత్తం చదివి బ్యాడ్ సెక్టార్లకు గుర్తు పెడుతుంది. స్లాష్ స్కాన్ అయితే విండోస్ నడుస్తుండగానే చూస్తుంది. నేను ముందు స్కాన్, అవసరమైతే ఎఫ్, డిస్క్ మీద నమ్మకం ఉంటేనే ఆర్.

సీ డ్రైవ్ అయితే "ఇప్పుడు కుదరదు, రీస్టార్ట్ అయినప్పుడు చేయనా" అని అడుగుతుంది. వై నొక్కి ఎంటర్ కొట్టి రీస్టార్ట్ చేయండి. ఫలితం తెర మీద మెరుపులా వచ్చి పోతుంది. దాన్ని తర్వాత ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్‌లో, విన్‌ఇనిట్ అనే సోర్స్ కింద చదువుకోవచ్చు.

గంట నుంచి ఒకే శాతం దగ్గర ఉంది. ఆపేయొచ్చా?

స్లాష్ ఆర్‌లో అయిదు దశలుంటాయి. నాలుగు, అయిదు దశల్లోనే డిస్క్‌లోని ప్రతి చోటూ చదువుతుంది, 1 టీబీ డిస్క్‌కి గంటలు పడుతుంది, బ్యాడ్ సెక్టార్లుంటే రాత్రంతా. శాతం కదలడం లేదని టెన్షన్ పడక్కర్లేదు, డిస్క్ లైటు మిణుకుమంటోందా చూడండి. మధ్యలో ఆపడం మంచిది కాదు. కానీ ఆగినంత మాత్రాన డిస్క్ అంతకుముందున్న స్థితి కంటే దిగజారకూడదని మైక్రోసాఫ్టే రాసింది. కాబట్టి కరెంటు పోతే గుండెలు బాదుకోనక్కర్లేదు, మళ్లీ మొదలుపెట్టండి. అయినా ఎండాకాలం కోతలున్న ఊళ్లో యూపీఎస్ లేకుండా ఈ పని పెట్టుకోకండి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తగిలించి, స్లీప్ ఆఫ్ చేయండి. మామూలు బ్యాకప్‌లు కూడా ఈ స్లీప్ వల్లే చాలాసార్లు సగంలో ఆగుతాయి.

చెక్‌డిస్క్ తర్వాత ఫౌండ్ డాట్ 000 అని ఒక ఫోల్డర్ వచ్చింది. తీసేయనా?

అప్పుడే వద్దు. పట్టికలో పేరు తెగిపోయిన ముక్కల్ని అక్కడ పడేస్తుంది. అందులో మీ ఫొటో ఉండొచ్చు, పనికిరాని చెత్తా ఉండొచ్చు. ఏ ఫైళ్లూ లోపించలేదని రూఢి అయ్యాక తీసేయండి.

చెక్‌డిస్క్ అంతా బాగుందంది. స్మార్ట్ కూడా బాగుంది. అయినా బ్యాకప్ ఫెయిలవుతోంది!

అప్పుడు తప్పు డిస్క్‌ది కాకపోవచ్చు. డిస్క్ ఎర్రర్‌లా కనబడే వేరే తంటాలు కొన్ని ఉన్నాయి.

ఇందాక చెప్పిన 0ఎక్స్80780119 వాటిలో ముఖ్యమైనది. బ్యాకప్ తీసేటప్పుడు విండోస్ ప్రతి పార్టిషన్‌కీ (డిస్క్‌లో విడగొట్టిన భాగానికి) షాడో కాపీ, అంటే ఆ క్షణంలో ఉన్నదున్నట్టు ఒక నకలు, తీస్తుంది. దానికి ఆ పార్టిషన్‌లో కాస్త ఖాళీ కావాలి: 500 ఎంబీ లోపు పార్టిషన్‌కి కనీసం 50 ఎంబీ, అంతకు మించితే 320 ఎంబీ. సీ డ్రైవ్‌లో వంద జీబీ ఖాళీ ఉన్నా, కంటికి కనబడని చిన్న రికవరీ పార్టిషన్‌లోనో, సిస్టమ్ రిజర్వ్‌డ్‌లోనో అంత ఖాళీ లేకపోతే మొత్తం బ్యాకప్ ఆగిపోతుంది. "ఇంత జాగా ఉంటే స్పేస్ లేదంటుందేంటి" అని జనం తల పట్టుకునేది దీనికే. ఆ పార్టిషన్‌ని పెంచాలి, లేదా ఇమేజ్ బదులు ఫైళ్ల బ్యాకప్ తీసుకుంటే గొడవే లేదు.

రెండోది, బయటి డిస్క్ ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయి ఉండటం. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. పెళ్లి వీడియో దగ్గర బ్యాకప్ ఆగిందంటే మొదట ఇదే చూడండి. విండోస్ సిస్టమ్ ఇమేజ్‌కి అయితే బయటి డిస్క్ ఎన్‌టీఎఫ్ఎస్‌లోనే ఉండాలి.

ఇవేవీ కాకపోతే విండోస్ సొంత ఫైళ్లే చెడి ఉండొచ్చు. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్ఎఫ్‌సీ, స్పేస్, స్లాష్ స్కాన్‌నౌ నడిపి చూడండి.

ఒకే ఒక్క ఫైలు దగ్గర ఆగుతోంది. దాన్ని డిలీట్ చేస్తే చాలు కదా?

చాలొచ్చు. కానీ డిలీట్ చేస్తే ఆ చెడ్డ చోటు ఖాళీగా కనబడి, రేపు ఇంకో ఫైలు అక్కడికే రావచ్చు. నేనైతే అదే డ్రైవ్‌లో "పాడైనవి" అని ఒక ఫోల్డర్ చేసి, ఫైలుని అందులోకి జరిపి, బ్యాకప్‌లో ఆ ఫోల్డర్‌ని మినహాయిస్తాను. అదే డ్రైవ్ లోపల జరిపితే ఫైలు కదలదు, పేరు మాత్రమే మారుతుంది.

బ్యాడ్ సెక్టార్లను దాటేసి ఇమేజ్ తీసే ఆప్షన్ కొన్ని ప్రోగ్రాంలలో ఉంటుంది. క్లోన్‌జిల్లాలో దాని పేరు రెస్క్యూ. ఏమీ లేనిదానికంటే నయమే. అయితే చదవలేని చోట్ల ఖాళీ నింపేస్తుంది, ఏ ఫైలుకి బొక్క పడిందో చెప్పదు.

నాది ఎస్ఎస్‌డీ. దీనికీ ఇవే పద్ధతులా?

సగం. ఎస్ఎస్‌డీ చిప్‌ల మీద రాసే డిస్క్, కదిలే భాగాలు లేవు కాబట్టి శబ్దాలు, నెమ్మదించడం లాంటి ముందస్తు హెచ్చరికలు తక్కువ. నిన్నటిదాకా బాగున్నది ఈ రోజు కనబడకపోవచ్చు. కొన్ని ఎస్ఎస్‌డీలు చివరి దశలో చదవనిస్తాయి కానీ రాయనివ్వవు. చెక్‌డిస్క్ దిద్దలేకపోతోందని దాంతో కుస్తీ పట్టకుండా ఆ అవకాశం వాడుకుని ఫైళ్లు తీసేయండి. ఎన్‌వీఎంఈ రకం అయితే స్మార్ట్‌లో అవైలబుల్ స్పేర్ తగ్గుతోందా, మీడియా అండ్ డేటా ఇంటెగ్రిటీ ఎర్రర్స్ సున్నాగా ఉందా చూడాలి. డిలీట్ అయిన ఫైళ్ల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల ఎస్ఎస్‌డీ ఆ చోట్లని నిజంగానే తుడిచేస్తుంది.

మాక్‌లో టైమ్ మెషిన్ (మాక్ సొంత బ్యాకప్ ప్రోగ్రాం) ఆగిపోతోంది.

డిస్క్ యుటిలిటీ తెరిచి, వ్యూలో షో ఆల్ డివైసెస్ ఎంచుకుని, ఫస్ట్ ఎయిడ్ నడపండి. ముందు కింద ఉన్న వాల్యూమ్‌ల మీద, తర్వాత కంటైనర్, ఆఖరున డిస్క్. మాక్ సొంత డిస్క్ అయితే రికవరీలోంచి చేయడం మేలు: ఇంటెల్ మాక్ ఆన్ చేస్తూ కమాండ్, ఆర్ పట్టుకోవాలి. ఎం1, ఆ తర్వాతి వాటిలో పవర్ బటన్‌నే నొక్కి పట్టుకోవాలి. ఫస్ట్ ఎయిడ్ దిద్దలేనని చెబితే ఫైళ్లు చేతితో కాపీ చేసుకుని, డిస్క్ ఎరేజ్ చేయడమే.

ఫార్మాట్ చేస్తే బ్యాడ్ సెక్టార్లు పోతాయా? ఆ డిస్క్ మళ్లీ వాడొచ్చా?

క్విక్ ఫార్మాట్ వల్ల ఏమీ జరగదు. క్విక్ దగ్గర టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ చేస్తే విండోస్ డిస్క్ అంతా సున్నాలు రాస్తుంది. అలా రాసేటప్పుడు డిస్క్ ఆ సీ5 సెక్టార్ల సంగతి తేల్చుకుంటుంది. కొన్ని బాగానే ఉన్నాయని తేలుతుంది, మిగతావాటిని స్పేర్ చోటికి మారుస్తుంది. తర్వాత సీ5 సున్నా అయి, 05 పెరగకుండా నిలబడితే సినిమాలకు, పాటలకు వాడుకోండి. బ్యాకప్‌కి వద్దు. ఒకసారి మోసం చేసిన డిస్క్‌కి మళ్లీ ఇంటి తాళాలు ఇవ్వను నేను.

డిస్క్‌లోంచి టక్ టక్‌మని శబ్దం వస్తోంది. ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందట, నిజమేనా?

వెంటనే పవర్ తీసేయండి. ఫ్రిజ్‌లోంచి తీసిన డిస్క్‌కి లోపల చెమ్మ పడుతుంది, ఉన్న అవకాశం కూడా పోతుంది. మూత విప్పడం అంతకంటే ఘోరం. అందులో ఫైళ్లకు విలువ ఉంటే క్లీన్ రూమ్ ఉన్న డేటా రికవరీ ల్యాబ్‌కే ఇవ్వాలి. ఖర్చు డిస్క్ ధరకి ఎన్నో రెట్లు ఉంటుంది, ఒప్పుకునే ముందు రేటు రాతలో తీసుకోండి.

వారంటీ ఉంది. కంపెనీకి ఇస్తే ఫైళ్లతో సహా ఇస్తారా?

లేదు. వారంటీ డిస్క్‌కే, ఫైళ్లకు కాదు. మీకు వేరే డిస్క్ వస్తుంది, పాతది తిరిగి రాదు. అది పంపే లోపే తీయగలిగినవి తీసుకోండి.

ఎట్టకేలకు బ్యాకప్ పూర్తయింది. పాత బ్యాకప్ తీసేసి జాగా చేసుకోవచ్చా?

ఆగండి. చెడిపోతున్న డిస్క్ నుంచి తీసిన బ్యాకప్‌లో ఏ ఫైళ్లు సగం సగం వచ్చాయో ఇంకా తెలియదు. ఫొటోల ఫోల్డర్‌లో అన్నిటికీ బొమ్మ కనబడొచ్చు, తెరిస్తే కింది సగం బూడిద రంగులో ఉండొచ్చు. పాత ఏళ్ల ఫోల్డర్లలోంచి ఒక్కోదాంట్లో నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి, వీలైతే వేరే కంప్యూటర్‌లో. వీడియోలు చివరి దాకా జరిపి చూడండి. ట్యాలీ డేటాని ఇంకో కంప్యూటర్‌లోకి రీస్టోర్ చేసి కంపెనీ తెరుచుకుంటోందా చూడండి. పేజ్‌మేకర్ ఫైళ్లయితే ఫాంట్లు కూడా కాపీ అయ్యాయా చూసుకోండి. ఫైలు ఉండి అనూ ఫాంటు లేకపోతే తెర మీద కనబడేది తెలుగు కాదు. తేడా కనబడిన ఫైలు మూడేళ్ల కిందటి పాత బ్యాకప్‌లో క్షేమంగా ఉండటం నేను చాలాసార్లు చూశాను. అందుకే నా దగ్గరికొచ్చిన పాత బ్యాకప్ డిస్క్‌ల మీద స్కెచ్ పెన్‌తో తేదీ వేసి, "ఆరు నెలలు ముట్టుకోవద్దు" అని చీటీ అంటించి పంపిస్తాను.